లీడరెత్తని గుండు

నాయకుడు కావాలంటే వెనకట జైలుకు పోవాల్సి వచ్చేది. కొన్నాళ్లకు పాదయాత్ర చేస్తే సరిపోయింది. ఆ తర్వాత చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించుకుంటే చాలన్నారు. ఇప్పుడు పని మరీ తేలికైంది. పదహారు కిలోల ఇనుప గుండొకటి, మెడలో విజిలొకటి, చెవి మీంచి మూతి దాకా వంగొచ్చిన మైకొకటి ఉంటే రెండు రోజుల్లో నాయకుడు తయారు. శనివారం పొద్దున చేరితే ఆదివారం సాయంత్రానికి సర్టిఫికెట్, శాలువా, మెమెంటో చేతికొస్తాయి. సోమవారం నుంచి నలభై మందిని నడిపించొచ్చు. ఎక్కడికి అని అడక్కండి. అది అడ్వాన్స్‌డ్ కోర్సులో చెప్తారు, దాని ఫీజు వేరే.

ఈ గుండు పేరు కెటిల్‌బెల్. పైన పిడి, కింద ఇనుప ముద్ద. మంచి సరుకే, గుండుతో నాకేం పంచాయితీ లేదు. పంచాయితీ అంతా దాని పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్లతోనే. హైదరాబాద్‌లో మోజు తగ్గిన ప్రతి వస్తువూ జాతీయ రహదారి 44 ఎక్కి, తూప్రాన్‌లో చాయ్ తాగి, కామారెడ్డిలో దిగుతుంది. అక్కణ్నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరేసరికి దాని ఫీజు సగమవుతుంది, సర్టిఫికెట్ సైజు రెట్టింపవుతుంది. ‘ఫిట్‌నెస్ ద్వారా లీడర్‌షిప్’ అనే కొత్త సరుకూ అదే బస్సులో వచ్చింది. పది మంది చేత ఒక్కసారి గుండు ఊపించినవాడు రేపు కంపెనీ నడుపుతాడట, ఎల్లుండి వార్డు నడుపుతాడట, దేవుడు మేలు చేస్తే రాష్ట్రమే నడుపుతాడట. గుండు ఊగితే రాష్ట్రం ఊగుతుందన్న ఈ సిద్ధాంతాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే కాదన్నవాడిది నెగెటివ్ మైండ్‌సెట్.

ఇలాంటి శిబిరం ఎట్లా జరుగుతుందో చూడనివాళ్ల కోసం చెప్తాను. ఏ మైదానమైనా ఒకటే, ఏ ఊరైనా ఒకటే. కార్యక్రమం పొద్దున్నే ఆరింటికి. ముఖ్య అతిథి ఏడున్నరకు. ఆ గంటన్నర సేపు కుర్రాళ్లు మంచులో నిలబడి క్రమశిక్షణ నేర్చుకుంటారు. అతిథి దిగగానే జ్యోతి ప్రజ్వలన. గాలికి దీపం ఆరుతుంది, మళ్లీ ప్రజ్వలన. వేదిక మీద తొమ్మిది కుర్చీలు, పదకొండు మంది నాయకులు. ఒక్కొక్కరూ ఆరోగ్యమే మహాభాగ్యమని విడివిడిగా కనిపెట్టి చెప్తారు. ఎండ నెత్తికెక్కాక అసలు ఘట్టం. ముఖ్య అతిథి అన్నిటికన్నా చిన్న గుండు దగ్గరికి వస్తాడు. నాలుగు కిలోలది. అనుచరుడొకడు దాన్ని తీసి ఆయన చేతుల్లో పెడతాడు. ఆయన బొడ్డు దాకా లేపి నవ్వుతాడు. ఫొటోగ్రాఫర్ “సార్, ఇంకొక్కసారి” అంటాడు. ఆయన ఇంకొక్కసారి లేపుతాడు. ఆ రోజు మొత్తానికి వేదిక మీద జరిగిన వ్యాయామం ఆ రెండే, అందులో ఒకటి రీటేక్. మర్నాడు జిల్లా పేజీలో ‘యువతకు ఆదర్శం’ అని మూడు కాలమ్‌ల వార్త.

అతిథి కారు గేటు దాటాక మన కొత్త లీడర్ రంగంలోకి దిగుతాడు. “కమాన్ గైస్, పుష్! పుష్!” అంటాడు. అది ఊపే వ్యాయామమైతే పుష్ దేనికని అడిగేవాడెవడు? పాట సౌండు ఎంత పెంచారంటే ఎవరి మోకాలి చప్పుడు వాళ్లకే వినబడదు. ట్రైపాడ్ మీద ఫోను ముందు వరుసకు గురిపెట్టి ఉంటుంది కనుక లీడర్ చూపు కూడా అటే. వెనక వరుసలో యాభై దాటిన కిరాణం సేటొకాయన ఉంటాడు. కాళ్లకు హవాయి చెప్పులు. డాక్టర్ షుగర్ ఉందంటే నడకకు వచ్చి, పక్కింటాయన చెయ్యి పట్టి లాగితే ఇందులో చిక్కుకున్నాడు. అందరికీ పదహారే ఇచ్చారు, ఆయనకూ పదహారే. గుండును భుజాల బలంతో కళ్ల ఎత్తుకు లాగుతున్నాడు, దించేటప్పుడు నడుం విల్లులా వంగుతోంది, చెమటకు పిడి జారుతోంది. ముందు వరుసకు, ఆయనకు మధ్య ఉన్నది నాలుగడుగులు.

“తమ్మీ, నడుం పట్టేసింది.”

“నొప్పి అంటే ఏంది కాకా? లోపలున్న బలహీనత బయటికి పోవుడు! ఇంకో ఇరవై కొట్టు!”

“బలహీనతతోని డిస్కు గూడ బయటికస్తున్నట్టుంది బిడ్డా.”

అందరూ నవ్వుతారు. లీడర్ ఆ నవ్వును మోటివేషన్ కింద జమ వేసుకుంటాడు. రీల్‌లో సేటు కనబడడు. కనబడేది ముందు వరుసలో ఒకే రంగు టీషర్టుల పిల్లలు, వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ లీడర్, కింద ‘లీడర్లు పుట్టరు, తయారవుతారు’ అన్న అక్షరాలు.

ఇంతకూ ఆ సేటుకు చెప్పాల్సిందేమిటి? స్వింగ్ అనేది చేతులతో ఎత్తే పని కాదు. మోకాళ్లను కొద్దిగానే మడిచి, తుంటిని వెనక్కి తోసి, వెన్ను నిటారుగా ఉంచాలి. తొడ వెనక కండరాలు బిగుసుకున్నట్టు తెలిశాక తుంటిని ఒక్క ఉదుటున ముందుకు తేవాలి. అప్పుడు గుండు దానంతటదే ఛాతీ ఎత్తుకు లేస్తుంది. చేతులు బావిలో బకెట్‌కు కట్టిన తాడు లాంటివి, పట్టుకుని ఉండటమే వాటి పని. ఇది నోటితో చెప్తే రాదు. మొదట ఖాళీ చేతులతో గోడకు వీపు చేసి నిలబెట్టి, పిరుదులతో గోడను తాకమనాలి. అది వచ్చాక నేల మీది గుండును ఊపకుండా ఎత్తి దించమనాలి. అదీ కుదిరాక అయిదంటే అయిదు స్వింగ్‌లు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు ఎనిమిది కిలోలో, పన్నెండో, మగవాళ్లకు పన్నెండో, పదహారో, అదీ మనిషిని బట్టి. బీపీ ఉందా, హెర్నియా ఉందా, పాత నడుం నొప్పి ఉందా అని గుండు ముట్టకముందే అడగాలి. చెప్పులు విడిపించాలి. ఒకరి ఎదురుగా ఒకరిని నిలబెట్టొద్దు. చెయ్యి జారిన పదహారు కిలోలు ముందుకే పోతాయి, మెమెంటో చూసి ఆగవు.

నేర్పేవాడి పని అక్కడితో అయిపోదు. ఒకసారి చేసి చూపించి, తర్వాత తన గుండు పక్కన పెట్టి, వరుసల మధ్య తిరగాలి. ఎదురుగా నిలబడ్డప్పుడు వాళ్ల కుడి తన ఎడమవుతుంది కనుక అద్దంలోలా తిప్పి చూపాలి. ఒక మనిషికి ఒక్కసారి ఒక్క మాటే చెప్పాలి. “నడుం, మోకాలు, మెడ, ఊపిరి, అన్నీ చూసుకో” అంటే ఏదీ చూసుకోడు. నిమిషంలో పావు వంతు పని, మిగతా అంతా విశ్రాంతి ఇచ్చినా మొదటివారానికి ఎక్కువే. అందరికన్నా మెల్లగా ఉన్నవాడి ఊపిరిని బట్టి లెక్క సాగాలి. ఒకడి నడుం వంగిందంటే లెక్క ఎంతలో ఉన్నా అక్కడే ఆపించాలి. ఇవన్నీ కెమెరాకు అందే పనులు కావు. అందుకే సిలబస్‌లో లేవు.

ఈ గుండు పుట్టుక చూస్తే ఇంకా నవ్వొస్తుంది. రష్యాలో ధాన్యం అంగళ్లలో తూకానికి వాడిన ఇనుప గుండ్లు ఇవి. వాళ్ల పాత తూకం పూద్, అంటే 16.38 కిలోలు. ఇప్పటికీ పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు కిలోల లెక్క అందుకే. తూకం అయ్యాక అంగట్లో బలవంతులు వాటిని ఎత్తి పందేలు కట్టేవాళ్లు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వ్లాదిస్లావ్ క్రయెవ్‌స్కీ అనే డాక్టరు బరువులెత్తేవాళ్ల బృందం కట్టి ఆ మొరటు సరదాకు ఒక పద్ధతి పెట్టాడు. 2001లో పావెల్ సాత్సులిన్ అమెరికాలో కెటిల్‌బెల్ శిక్షకులకు సర్టిఫికెట్ మొదలుపెట్టాడు. అదీ వారాంతపు కోర్సేనని మనవాళ్లు వాదిస్తారు. నిజమే. కాకపోతే అక్కడ మగవాళ్లకు పెట్టే పరీక్షలో ఇరవై నాలుగు కిలోల గుండును ఒంటి చేత్తో తల మీదికి అయిదు నిమిషాల్లో వంద సార్లు లేపాలి. నెలల సాధన లేనివాడు ఆ గడప తొక్కలేడు. మన దగ్గర పరీక్ష ఫోన్‌పేలో అయిపోతుంది.

ధాన్యం అంగట్లో పుట్టిన గుండు ధాన్యం, బెల్లం అమ్ముకునే కామారెడ్డికి వచ్చింది. మరి గంజ్‌లో హమాలీని ఎవరైనా శిక్షకుడిగా పిలిచారా? వడ్ల బస్తా నలభై కిలోలు. ఆ పైన తరుగు పేరుతో ఇంకా కొంత తూచుకుంటున్నారని రైతులు ప్రతి సీజన్‌లో మొత్తుకుంటూనే ఉంటారు. ఆ బస్తాను లారీ మీదికి చేర్చేవాడికి తుంటి ఎట్లా వాడాలో, ఊపిరి ఎక్కడ బిగబట్టాలో ఒళ్లే నేర్పింది. ముఠా పెద్ద కూడా బస్తా మోసేవాడే. కొత్తగా చేరిన పిల్లగాడి వీపు మీదికి బస్తా ఎత్తేటప్పుడు ఇద్దరు చెయ్యి వేస్తారు, వాడి కాలు కుదురుకున్నాకే వదులుతారు. నాయకత్వం గురించి పీపీటీ చూపించే హాలుకు, ఈ దృశ్యానికి మధ్య ఒక్క గోడే అడ్డం.

కుస్తీ నేర్పే తాలీం సంగతి కూడా అంతే. ఉగాది, హోళీ, జాతరలు వచ్చాయంటే ఈ జిల్లా పల్లెల్లో కుస్తీ పోటీలు పెడతారు. సరిహద్దు అవతలి మహారాష్ట్ర, కర్ణాటక నుంచి కూడా పహిల్వాన్లు దిగుతారు. మొదట కొబ్బరికాయ కుస్తీ. మట్టిలోకి దిగేది చిన్న పిల్లలు, గెలిచినవాడికి కొబ్బరికాయ. పొద్దుగుంకే వేళకు ఆఖరి కుస్తీ, గెలిచినవాడికి వెండి కడెం. చిన్నవాణ్ని ముందు దించే ఈ వరసలోనే బోధన ఉంది. ఎవడికి ఎవడు జోడీయో, ఎవణ్ని ఈ ఏడు దించొద్దో ఉస్తాద్‌కు తెలుసు. ఆయన మట్టి ఒడ్డున ఉంటాడు. పిల్లగాడి మోచెయ్యి తిరగరాని వైపు తిరుగుతున్నట్టు కనబడితే ముందు లేచేది ఆయనే. ఆయన మెడలో విజిల్ లేదు. ఆయనకు సర్టిఫికెట్ ఇచ్చినవాడూ లేడు.

పోనీ మన పల్లె మట్టి మనకు ఆనదంటే కలియుగ భీముడినే అడుగుదాం. కోడి రామ్మూర్తి నాయుడు అంతటివాడు మద్రాసు సైదాపేటకు పోయి ఏడాది పాటు వ్యాయామ శిక్షణ తీసుకుని, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పి, ఆ తర్వాతే సర్కస్ పెట్టి ఏనుగును ఛాతీ మీద నిలబెట్టించుకున్నాడు. ఆయనకు ఏడాది పట్టిన పని మనకు శని, ఆదివారాల్లో అయిపోతోంది. ఇప్పటి బీపీఎడ్‌కే రెండేళ్లు. ఆ చదువు చదివి పీఈటీ కొలువు కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్న పిల్లలు ఉండగా, రెండు రోజుల లీడర్ల కింద మైదానం అద్దెకు పోతోంది.

లీడరే మారుతూ ఉండే పద్ధతి లోకంలో లేదనుకోవద్దు. 2011లో అమెరికాలోని షార్లెట్‌లో ఎఫ్3 అనే మగవాళ్ల వ్యాయామ బృందం మొదలైంది. పైసా ఫీజు లేదు. ఎండైనా వానైనా ఆరుబయటే. ఇవాళ ఒకరు నడిపిస్తే రేపు ఇంకొకరు, సర్టిఫికెట్ అక్కర్లేదు. నిన్న ముందు నిలబడ్డవాడు ఇవాళ వెనక నిలబడి ఆయాసపడతాడు కనుక వెనక ఉన్నవాడి బాధ మర్చిపోయే తీరిక ఎవడికీ దొరకదు. వాళ్లకూ ముద్దుపేర్లు, కేకలు, వేషాలు చాలానే ఉన్నాయి. అయినా ఆ ఒక్క పద్ధతిని ఇక్కడికి తెద్దామంటే మనవాళ్లు ససేమిరా ఒప్పుకోరు. మన సంఘాల్లో తిరిగేది కుర్చీ ఒక్కటే, దాంట్లో మనిషి మారడు.

సర్కారు వారి వ్యాయామం మన శిబిరాలకు అన్న. జూన్ 21 వస్తే వేదిక మీద చాపలు పరిచి నాయకులు ఆసనాలు వేస్తారు. అందులో అందరికీ చక్కగా కుదిరేది శవాసనం. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణం అన్నారు. చాలా చోట్ల బోర్డు నిలబడింది, ప్రాంగణంలో తుమ్మ మొలిచింది. ఆడించేవాణ్ని పెట్టకుండా ఆట స్థలం ఇవ్వడం, నడిపించడం నేర్పకుండా లీడర్ సర్టిఫికెట్ ఇవ్వడం ఒక తల్లి పిల్లలే. రెండింటికీ ప్రారంభోత్సవం ఉంటుంది, రెండో రోజు ఉండదు.

అసలు కామారెడ్డికి వచ్చి నాయకత్వం మీద క్లాసు పీకడమే సాహసం. 2023 డిసెంబరు 3న ఓట్లు లెక్కపెడితే, అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్‌రెడ్డి ఇద్దరూ ఇక్కడ ఓడిపోయి ఉన్నారు. 6,741 ఓట్లతో గెలిచింది స్థానికుడు కాటిపల్లి వెంకటరమణారెడ్డి. మరుసటి జనవరిలో రోడ్డు వెడల్పు పని వచ్చినప్పుడు ఆయన ముందు తన ఇంటినే కూలగొట్టించాడు. ఆయన పార్టీ మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. నాకు దాంతో పని లేదు. పక్కవాడి గోడ మీద మార్కింగ్ వేసే ముందు తన గోడ మీద గడ్డపార పడనివ్వడం మాత్రం ఏ శిబిరంలోనూ చెప్పని పాఠం. ఈ ఊరి జనం బరువు తూచడంలో అనుభవం ఉన్నవాళ్లు. నాలుగు కిలోలు బొడ్డు దాకా లేపి నవ్వితే ఎంత లేపాడో వాళ్లకు తెలియదా?

నిర్వాహకుల వాదన ఒకటుంది. “ఏదో ఒక పేరు మీద జనం పొద్దున్నే లేచి వస్తున్నారు గదా, మీకెందుకు కడుపుమంట?” అని. వాదనలో సగం న్యాయం ఉంది. షుగర్లు, బీపీలు ఇంటింటా పెరిగిన కాలంలో నలుగురు కలిసి చెమటోడ్చడం కన్నా మంచి పని లేదు. ఒంటరిగా అయితే మూడో రోజు మానేసేవాడు గుంపులో ఉంటే మూడో నెల దాకా వస్తాడు. సరిగ్గా నేర్పితే స్వింగ్ నడుముకు బలమిస్తుంది, గుండె పనీ చేయిస్తుంది. అందుకే ఈ కోపం. వచ్చిన సేటు నాలుగు రోజులకు నడుం పట్టుకుని డాక్టరు దగ్గరికి పోతే, మళ్లీ జన్మలో మైదానం ముఖం చూడడు. జనాన్ని పొద్దున్నే లేపుతున్నామని చెప్పుకునేవాళ్లు మధ్యాహ్నానికి ఎంత మందిని మంచాన పడేశారో కూడా లెక్క చెప్పాలి కదా.

నడిపించడం నేర్చుకోదగ్గ విద్యే, దానికి దారీ ఉంది. మొదట కొన్ని నెలలు వెనక వరుసలో నిలబడాలి. తర్వాత ఒళ్లు వేడెక్కించే పది నిమిషాలు మాత్రమే నడపాలి, పాత శిక్షకుడు పక్కన ఉండి చూడాలి. ఆ తర్వాత ఒక్క కదలిక నేర్పాలి. తప్పు ఎక్కడ జరిగిందో అందరూ వెళ్లాక ఆయన చేత చెప్పించుకోవాలి. వచ్చినవాళ్ల పేర్లు, ఎవరి మోకాలు ఏదో, ఎవరి భుజం ఏదో గుర్తుండాలి. అన్నీ కుదిరాక ఒక రోజు మొత్తం క్లాసు చేతికిస్తారు. బతుకమ్మ ఆడేచోట ఇది మనవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. పాట ఎత్తుకునే ఆమె కూడా అదే వలయంలో అందరితో వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతుంది. వలయానికి ముందు వరుస ఉండదు. పక్కన అడుగు తడబడే చిన్నపిల్ల చేరితే ఆమె పాటను ఆపదు, నడక తగ్గిస్తుంది. ఆ పిల్లే పదేళ్లకు పాట ఎత్తుకుంటుంది.

కాబట్టి పాఠక మహాశయులకు మనవి. మీ మైదానంలో రేపో మాపో ఇలాంటి శిబిరం పెడతారు. వద్దనకండి, పోండి. ఫీజు కట్టే ముందు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. నాకు ఏ బరువు ఇస్తారు, ఎందుకు? నా నడుం వంగితే చూసేవారెవరు? మీకు నేర్పిన గురువెవరు, ఎన్నాళ్లు నేర్పారు? జవాబు వస్తే చెప్పులు విడిచి వరుసలో నిలబడండి. జవాబుకు బదులు బ్రోచర్ చేతికిస్తే గంజ్ దాకా నడిచి, ఒక చాయ్ తాగి, ఇంటికి పోండి. ఆ నడక మీ షుగర్‌కు మంచిదే, ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.